బొగ్గుబాయి మనిషి గోదావరి లంకల్లో

రామగుండం ప్రాంతపు బొగ్గుగనుల్లో మైనింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్న నాకు గోదావరి ఇంటి పక్క నదే. అయినా ఆ నది సముద్రంలో కలిసే సీమను తీరికగా చూడడం ఈ మాఘమాసంలోనే కుదిరింది. మా వైపు భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన తరువాత మిగిలే ఖాళీలను నింపడానికి దశాబ్దాలపాటు ఈ నది ఇసుకనే నీళ్లతో కలిపి గొట్టాల గుండా లోపలికి పంపారు. శాండ్ స్టోయింగ్ అని పిలిచే ఆ పని దగ్గరే నేను ఉద్యోగంలో ఓనమాలు దిద్దుకున్నాను కనుక, గోదావరి పేరు వినగానే నాకు ముందు ఇసుకే గుర్తుకు వస్తుంది. నా భార్య పుట్టిల్లు అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరి వ్యాపారం చేసే ఆమె తమ్ముడు తన కారులో నన్ను తిప్పడానికి సంతోషంగా ఒప్పుకున్నాడు గానీ, గుళ్లూ రిసార్టులూ కాదు, క్వారీలూ ఇసుక ర్యాంపులూ గ్యాస్ బావులూ చూడాలని ఉందని చెప్పేసరికి, "సెలవు పెట్టి మళ్లీ డ్యూటీకే వచ్చారన్నమాట బావగారూ" అని ఎటకారమాడాడు.

ఆదివారం, ధవళేశ్వరం

రాజమహేంద్రవరంలో గ్లాసు 30 రూపాయల రోజ్ మిల్క్ తాగించి అతను నన్ను నేరుగా బ్యారేజీ మీదికి తీసుకువెళ్లాడు. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయినది. దాని కంటే ముందు ఇక్కడ ఉన్న ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భుజాలుగా, నడుమ లంకలను కలుపుకొంటూ సాగిన ఆ కట్టడానికి అడుగున ఎక్కడా పునాదికి తగిన రాతిపొర లేదు. ఇసుక మీద కట్టి, వరద కోసుకుపోకుండా దిగువ వైపున గుట్టలకొద్దీ వదులు రాయి పరిచారు. మా వృత్తిలో ఇసుక మీద బరువు మోపడమంటే మొదట భయపడి తరువాత లెక్క వేసుకుంటాం. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఆ లెక్కను ధైర్యంగా వేసిన మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ రాయి ఎక్కడిది అన్నది నా ప్రశ్న. జవాబు పక్కనే ఉన్న ధవళేశ్వరం గుట్ట. గుట్ట నుంచి నది ఒడ్డుకు రాయి మోయడానికి 1845లోనే ఇక్కడ పట్టాలు పరిచారు. బొంబాయి నుంచి ఠాణాకు 1853లో ప్రయాణికుల రైలు నడవకముందే గోదావరి ఒడ్డున రాళ్ల బళ్లు పట్టాల మీద దొర్లాయన్నమాట. మద్రాసు దగ్గర ఎర్రకొండల రాతి కోసం 1837లో వేసిన పట్టాల వెనుక ఉన్నదీ ఈ కాటనే. మన దేశంలో రైలు మార్గాల చరిత్రను ప్రయాణికులతో మొదలుపెట్టడం అలవాటయింది గాని, నన్నడిగితే అది క్వారీతో మొదలవుతుంది. కాటన్ మ్యూజియంలో ఈ మాట గట్టిగానే అనేశాను. పక్కన పిల్లలకు బొమ్మలు చూపిస్తున్న ఒక మాస్టారు తలతిప్పి, "రాయి మోసిన వాళ్ల పేర్లు కూడా రాసి ఉంటే బాగుండేదండి" అన్నారు. కాటన్ దగ్గర పనిచేసిన వీణెం వీరన్న పేరు ఇక్కడివాళ్లు మరచిపోలేదు. కూలీల సంగతి మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది.

సాయంత్రం బ్యారేజీకి ఎగువన ఇసుక తీసే పడవల దగ్గరికి వెళ్లాం. ఒక మనిషి వెదురుగడను నీటి అడుగుకు దించి పట్టుకుంటే, ఇంకొకడు ఆ గడ వెంబడే బకెట్‌తో మునిగి, ఊపిరి బిగబట్టి ఇసుక నింపుకొని పైకి వస్తాడు. పడవ అంచు నీటిమట్టానికి జానెడు మిగిలేదాకా ఇదే పని. చెవులు పోతాయా అని అడిగితే, పడవ యజమాని అయిన పెద్దాయన, "చలికాలం చెవిపోటు మామూలేనండి, దానికేముంది" అని కొట్టిపారేశాడు. లోతు ఎలా తెలుస్తుందన్నప్పుడు మాత్రం ఆయన ముఖంలో పనివాడి గర్వం కనిపించింది. "గడ దిగినంత కాడికీ ఇసకేనండి. బంక తగిలిందంటే చేతికి తెలిసిపోద్ది. ఇంక అక్కడ తియ్యకూడదండి, ఆయ్." మేం గని పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి, మోతను బట్టి అది గట్టిదో వదులైనదో చెబుతాం. ఆయన గడ చేసే పని కూడా అటువంటిదే.

కాస్త అవతల ఒడ్డున యంత్రాలు పనిచేసే ర్యాంపు ఒకటి ఉంది. అక్కడ లోతెంత అని అడిగితే తలకొక మాట చెప్పారు. వంతెనలకూ ఆనకట్టలకూ 500 మీటర్ల లోపల ఇసుక తవ్వరాదనే నియమం అందరికీ కంఠస్థమే. ఆ 500 మీటర్లు ఎక్కడ మొదలవుతాయో చూపించే రాయి మాత్రం నాకు కనబడలేదు. చట్టం ఇసుకను చిన్న తరహా ఖనిజంగా లెక్కగట్టి 1957 నుంచీ రాష్ట్రాల చేతికి వదిలింది. బొగ్గు గనిలో సర్వే ప్లాను లేకుండా ఒక్క అడుగు ముందుకు వేయనివ్వరు. ఇంత పెద్ద డెల్టాకు తలుపులాంటి ఈ చోట ప్లాను పని గడ కర్ర చేస్తోంది. చిన్న తరహా అన్న మాట చిన్నచూపుకు దారితీసిందని నా అభిప్రాయం.

సోమవారం, గౌరీపట్నం

కొవ్వూరు దాటి పశ్చిమంగా వెళితే గౌరీపట్నం, పంగిడి ప్రాంతంలో నల్లరాతి క్వారీలు వరుసగా వస్తాయి. దుమ్ముతో రోడ్డు పక్క టేకుచెట్ల ఆకులు కూడా బూడిదరంగులో ఉన్నాయి. ఈ రాయి దక్కన్ లావా. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కింద పశ్చిమ కనుమల వైపు పొంగిన లావా అప్పటి లోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి ఇక్కడ చల్లబడిందని చాలామంది భూవిజ్ఞానులు చెబుతారు. రెండు లావా పొరల నడుమ దొరికే సున్నపురాతిలో నత్తగుల్లల శిలాజాలున్నాయి. అంటే ఒక పొంగుకూ మరొక పొంగుకూ మధ్య ఇక్కడ ఉప్పునీరు నిలిచి, అందులో ప్రాణులు బతికాయి. క్వారీ గోడలో ఆ లేత రంగు చార కనిపించినప్పుడు బావమరిదికి చూపించాను. అతను చాలాసేపు చూసి, "ఇంత కథ ఉన్న రాయిని కంకర చేసేస్తున్నారాండీ" అన్నాడు.

పేలుడుకు ముందు సైరను మోగింది, ఎర్రజెండా పట్టుకున్న కుర్రాడు మమ్మల్ని కారుతో సహా చాలా దూరం వెనక్కి పంపాడు, ఆ క్రమశిక్షణ నాకు నచ్చింది. క్రషర్ దగ్గర మాత్రం ఒడిశా నుంచి వచ్చిన కూలీలు తువ్వాళ్లే ముక్కుకు కట్టుకొని పనిచేస్తున్నారు. నేను ఏ గనిలో పనిచేస్తానో తెలిసిన మేనేజరు తన షెడ్డులో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు, ఆ తరువాత తనకు తెలిసిన ధరలన్నీ చెప్పాడు. కోనసీమలో రాయి పుట్టదు. అక్కడి ప్రతి ఇంటి స్లాబులోనూ ప్రతి రోడ్డులోనూ ఉన్న కంకర ఇటువంటి గుట్టల నుంచి లారీ ఎక్కి వెళ్లిందే. అమలాపురం చేరేసరికి రాయి ఖరీదు కన్నా కిరాయి బరువవుతుందని బావమరిది ఫిర్యాదు చేస్తే, మేనేజరు నవ్వి, "మీ కొబ్బరికాయ మాకు ఎంతకు వస్తుందో అడిగామాండీ?" అన్నాడు.

మంగళవారం, మండపేట మీదుగా ఆత్రేయపురం

ఈ ప్రయాణంలో నేను ఎక్కువసేపు నిలబడి చూసినది ఒక పొలం. మండపేట దగ్గర దాళ్వా (రెండో పంట) నాట్లు పూర్తయి పచ్చబడుతున్న వరిచేల నడుమ, కంచె వేసిన చిన్న జాగాలో వాల్వులు దొంతరగా పేర్చిన గ్యాస్ బావి ఒకటి ఉంది. కాపలా ఉన్నతను లోపలికి రానివ్వలేదు, రానివ్వకూడదు కూడా. గట్టు మీద నిలబడే చూశాను.

మా రామగుండం బొగ్గు, డైనోసార్ల కన్నా ముందటిదైన పెర్మియన్ కాలం నాటిది. ఆ బొగ్గు పట్టి వాయవ్యం నుంచి ఆగ్నేయంగా, గోదావరి లోయ వెంబడే సాగుతుంది. డెల్టా మట్టి కింద కూడా ఆ కాలపు పొరలు ఉన్నాయి. చమురు కోసం తవ్విన బావుల్లో బయటపడిన ఆ బొగ్గు, షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) పొరకు కొమ్ముగూడెం పేరు పెట్టారు. దాని మీద ఉన్న ఇసుకరాతి పొరకు మండపేట పేరే పెట్టారు. అడుగున వేడికీ ఒత్తిడికీ ఆ బొగ్గు నుంచి పుట్టిన వాయువు పైన ఇసుకరాతి రంధ్రాల్లో చేరి నిలిచింది. మా భూగర్భ గనులు కొన్ని వందల మీటర్ల లోతుతో సరిపెట్టుకుంటాయి. ఇక్కడ ఆ పొరలు రెండు వేల మీటర్లకు బాగా దిగువన ఉన్నాయి కాబట్టి ఏ గనీ అక్కడికి దిగలేదు, దిగబోదు. నేను ముప్పూటలా మసి కడుక్కొనే బొగ్గుకు చుట్టమైనది ఈ వరిచేను కింద ఉందని చెప్పినప్పుడు, గట్టు మీద మందు కొట్టే పంపు దించి నిలబడిన రైతు నమ్మలేదు. "బొగ్గుంటే నేల నల్లగా ఉండాలి కదండీ" అన్నాడు. నేను వివరించబోతే, "సరేలెండి, మీరు చదువుకున్నోరు" అని మర్యాదగా సంభాషణ ముగించాడు. గోదావరి జిల్లాల్లో ఎదుటివాడి మాట కొట్టివేయడం కూడా 'అండీ' చేర్చే చేస్తారు.

దగ్గరలోని తాపేశ్వరంలో మడతకాజా తిని, జొన్నాడ దగ్గర గౌతమి పాయ దాటి రావులపాలెం మీదుగా ఆత్రేయపురం చేరాం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి రోడ్డు పక్క దుకాణాల బోర్డులన్నింటి మీదా ఆ మాట ఎక్కింది. మేము మాత్రం ఒక ఇంటి వసారాలోకి వెళ్లాం. బోర్లించిన నున్నటి కుండ, కింద కొబ్బరిమట్టల మంట, పక్కన పలచటి బియ్యప్పిండి నీళ్లు. గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితం కన్నా పలచని రేకు లేస్తుంది. కుండ వేడి తగ్గితే రేకు అంటుకుంటుంది, ఎక్కువైతే మాడుతుంది. ఆ ఇల్లాలికి ఎటువంటి కొలత పరికరమూ లేదు. నేను వేడి ఎంత ఉంటుందని అడిగితే ఆమె తడి వేళ్లతో రెండు చుక్కలు కుండ మీద చిలకరించి ఆ చప్పుడు విను అన్నట్టు నా వైపు చూశారు. పది రేకుల బెల్లం పెట్టె 200 రూపాయలు పుచ్చుకొని, దారిలో విరిగిపోతాయని అదనంగా రెండు విడిగా చేతిలో పెట్టారు.

బుధవారం, అంబాజీపేట, పాశర్లపూడి

పొద్దుటి ఫలహారం అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకుల బుట్టలో ఉడికిన ఇడ్లీకి ఆకు వాసన పట్టి ఉంటుంది, దానికి జోడీ కొబ్బరి పచ్చడి. నాలుగు తిని 60 రూపాయలిచ్చాం. కొబ్బరి మార్కెట్లో బావమరిది పని చూసుకొని వచ్చేసరికి పది దాటింది. పాశర్లపూడి దారి తనకు తెలుసన్నా వినక ఫోను చెప్పినట్టు వెళదామని పట్టుబట్టినవాడు అతని కొడుకే. ఆ ఫోను మమ్మల్ని పి.గన్నవరం అక్విడక్టు దగ్గర దించింది. అడుగున వైనతేయ పాయ, దాని మీదుగా కాలువ. చుట్టుదారి అయినా ఆ దృశ్యం వల్ల ఎవరూ విసుక్కోలేదు.

అక్కడి లంకలో ఇటుక బట్టీల కోసం మట్టి తీసిన గుంత ఒకటి చూశాను. నిలువుగా మనిషిన్నర ఎత్తు గోడ, దాని అంచున కొబ్బరి చెట్టు వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. గనుల నిబంధనల్లో ఇటువంటి ఒండ్రునేలలో తవ్వే మెట్టు ఎత్తు 1.5 మీటరు మించరాదని ఉంది, లేదంటే గోడను 45 డిగ్రీలకు మించని వాలుగా చెక్కాలి. గోడ కిందనే ఇద్దరు ఆడవాళ్లు గంపలకు మట్టి ఎత్తుతున్నారు. ఊరుకోలేక మేస్త్రీని పిలిచి చెప్పాను. అతను వినయంగా తల ఊపి, "రేపు చెక్కిస్తామండి" అన్నాడు. ఆ గోడ రేపటి దాకా ఆగుతుందని హామీ ఏమీ లేదన్నాను. ఆడవాళ్లను పక్కకు జరిపించాడు, అంతవరకు జరిగింది.

మధ్యాహ్నం బోడసకుర్రు వంతెన మీదుగా వైనతేయ దాటి పాశర్లపూడి చేరాం. 1995 జనవరి 8న ఇక్కడ ఓఎన్‌జీసీ తవ్వుతున్న పందొమ్మిదో నంబరు బావి పేలి, ఆ మంట 65 రోజులు మండి మార్చి 15న గాని అదుపులోకి రాలేదు. నేను ఆ సంగతి పాఠంగా చదువుకున్నాను. బావి తవ్వేటప్పుడు అడుగున ఉన్న వాయువు ఒత్తిడిని బరువైన బురద నీరు నింపి అణచిపెడతారు. ఆ బురదకు బరువు తెచ్చేది ముగ్గురాయి (బెరైటీస్) పొడి. దానికి ప్రపంచంలోనే పేరుపడిన గని మన మంగంపేటలో ఉంది. ఆ బురద స్తంభం బరువు వాయువు ఒత్తిడికి చాలనప్పుడు, పైనున్న వాల్వులూ ఆపలేనప్పుడు, బావి తిరగబడుతుంది. మా గనుల్లోనూ ఇదే మీథేన్ పొంచి ఉంటుంది. గాలిలో అది 1.25 శాతానికి చేరితే మనుషులను బయటికి పంపేస్తాం. మేము ఫ్యాన్లు పెట్టి తరిమే వాయువును ఇక్కడ గొట్టం పెట్టి పిలుస్తారు.

పాఠంలో లేనివి రోడ్డు పక్క కాఫీ హోటలు నడిపే ముసలమ్మ చెప్పింది. "రాత్రీ పగలూ తేడా లేదు బాబూ. దీపం పెట్టే పని లేకపోయింది. కోళ్లు అర్ధరాత్రి కూసేవి. పెళ్లి చేసుకున్న మా పెద్దమ్మాయి పురిటికొచ్చి, ఆ చప్పుడుకు నిద్రలేక మళ్లీ అత్తారింటికి పోయింది." చప్పుడు ఎలా ఉండేదని అడిగాను. ఆమె చెవి మీద చెయ్యి పెట్టుకొని చూపించింది గాని పోలిక చెప్పలేదు. బల్ల చివర కాఫీ తాగుతున్న ఒక ఉపాధ్యాయుడు, దగ్గరలోనే ఉన్న నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27న గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి అందుకున్నాడు. ఆయన కోపమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: గ్యాస్ తీయడం వల్ల నేల కుంగుతున్నదా, లేదా?

వృత్తి తెలిసినవాడిగా నా మాట అడిగారు కాబట్టి చెప్పాను. మా వైపు రెండు మూడు వందల మీటర్ల లోతులో మూడు మీటర్ల బొగ్గుపొర తీస్తే పైన నేల కంటికి కనబడేటట్టు దిగుతుంది. కిలోమీటర్ల లోతు నుంచి వాయువు తీసినప్పుడు కుంగుబాటు చాలా తక్కువగా, చాలా విశాలంగా ఉంటుంది. అయితే కోనసీమలో మురుగుకాలువలు నడిచేదే అంగుళాల వాలు మీద. మా దగ్గర లెక్కకు రానిది ఇక్కడ చేను మునగడానికి చాలు. పైగా ఒండ్రునేల తన బరువుకు తానే అణుగుతుంది, ఎగువ ఆనకట్టలు కట్టాక దాన్ని పూడ్చే కొత్త ఒండ్రు రావడం తగ్గింది. వీటిలో దేని వాటా ఎంతో మాటలతో తేలదు. స్థిరమైన గుర్తురాళ్లు నాటి, ఏటా ఒకే నెలలో లెవెలింగ్ చేసి, అంటే వాటి ఎత్తు కొలిచి, ఆ అంకెలను పంచాయతీ గోడ మీద రాయాలి. బొగ్గు గని మీద ఊరు ఉంటే మేము చేయవలసిన పని అదే. గిట్టుబాటు కాక, మురుగు పోక 2011లో సార్వా (తొలి పంట)కే సెలవు ప్రకటించిన రైతుల సీమలో ఆ లెక్క అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఉపాధ్యాయుడు నా కాఫీ డబ్బులు తానే ఇచ్చేశాడు, నేను వారించినా వినలేదు.

గురువారం, అంతర్వేది, నరసాపురం

లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకొని అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచాం. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట తీరపు ఇసుకలో నల్లటి చారలు కనబడతాయి. ఎవరో చమురు ఒలకబోశారని పిల్లవాడు అనుకున్నాడు. జేబులోని అయస్కాంతాన్ని ఇసుకలో తిప్పితే మాగ్నటైటు రేణువులు కుచ్చులుగా అంటుకున్నాయి. అంటుకోకుండా మిగిలిన నలుపులో ఎక్కువ భాగం ఇల్మనైటు, గులాబీ రంగువి గార్నెట్లు. గోదావరి పాపికొండల దగ్గర తూర్పు కనుమలను కోసుకొని వచ్చేటప్పుడు తెచ్చిన సరుకు ఇది. అల చేటతో చెరిగినట్టు తేలిక రేణువులను లాగేసుకొని బరువైనవాటిని ఒడ్డున వదులుతుంది. ఈ జాతి ఇసుకలోనే, అణు ఇంధనానికి పనికివచ్చే థోరియం ఉండే మోనజైటు కూడా కొద్దిగా ఉంటుంది కాబట్టి దీన్ని ప్రభుత్వం తన గుప్పిట్లో ఉంచుకుంది. నల్ల ఇసుకకు అణుశక్తి శాఖ కాపలా, ఎగువన తెల్ల ఇసుకకు పడవవాడి గడ. ఈ తేడా ఇక్కడ నిలబడితే బాగా కనిపించింది.

సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు ఎక్కి నరసాపురం దిగాం. ఆకలి మీద ఉన్న నేను హోటల్లో పులస ఉందా అని అడిగితే బల్లలన్నీ నవ్వాయి. "వరదల్లో రండి, పుస్తెలమ్మి పెడతాం" అన్నాడు యజమాని. చందువ పులుసు, రొయ్యల ఇగురు, అరిటాకులో భోజనం, మనిషికి 250 రూపాయలు. నేను గనుల ఇంజనీరునని బావమరిది చెప్పడంతో యజమాని వంటింటి వెనుక కట్టుకుంటున్న గది దగ్గరికి లాక్కెళ్లి, పోసి ఉన్న ఇసుకకుప్ప చూపించాడు. తక్కువలో వచ్చిందట. పిడికిట్లో నలిపి, నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. సముద్రం పోటు తగిలే చోటు నుంచి తెచ్చిన ఇసుక. దీనితో స్లాబు వేస్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది, ఇది గుంతలు పూడ్చడానికి వాడుకొని స్లాబుకు కొవ్వూరు వైపు ఇసుక తెప్పించుకోండని చెప్పాను. లారీ కిరాయి ఎంతవుతుందో ఆయన అక్కడే ఫోను చేసి కనుక్కున్నాడు, అంకె విని రెండు మూడు బూతులు తిట్టాడు, మళ్లీ ఫోను చేసి సగం లోడుకు బేరం మొదలుపెట్టాడు. ఆ బేరం తెగేలోపు మా భోజనం బిల్లులో రొయ్యల ఇగురు కొట్టివేసి ఉంది. బావమరిది ఆ డబ్బు కూడా బల్ల మీద పెట్టి నన్ను కారు దగ్గరికి తోసుకొచ్చాడు.